రెండు రెక్కల చుట్టాలు

మీ ముత్తాతకి ముత్తాత ఇంకా ఉయ్యాల్లో ఉన్ననాటి మాట. ఏటి ఒడ్డున ఓ ఊరు. ఊరినిండా చిక్కుడు పందిళ్ళే.

ఆ ఊళ్ళో నూకాలు అని ఓ కూలిమనిషి ఉండేది. తోటలో ఏ పురుగు వాలినా పని ఆపి దాని ముందు గొంతుక్కూచునేది. కాయని కుట్టేది పండీగ అనేది, సాయంత్రం కళ్ళచుట్టూ తిరిగేది నుసుము అనేది. జనం నవ్వేవారు. తనూ నవ్వేది.

ఓ ఏడు చిక్కుడుకి పేనుబంక పట్టింది. లేత కొసలన్నీ నల్లబడి ముడుచుకున్నాయి. ఆ వెనకే పసుపు చారల ఈగలు గుంపుగా దిగాయి.

"కందిరీగలు!" అని ఊరంతా ఒకటే గోల. ఊరిపెద్ద సన్యాసినాయుడు కుండల్లో వేపాకు పొగ పెట్టమన్నాడు.

"వద్దు బావూ! కందిరీగకి నాలుగు రెక్కలు. దీనికి రెండే. ఇది కుట్టదు" అంది నూకాలు.

"రెక్కలు సూసొచ్చావేటే? తప్పుకో!"

మొదటి పందిరికి పొగ పెట్టారు. నూకాలు బతిమాలింది. రెండో పందిరికి పెట్టారు. నూకాలు ఏడ్చింది. మూడోది నూకాలు గుడిసె ముందరి పందిరి. ఆ చలికాలం ఆమె కడుపుకి అదే ఆధారం. దాని కింద చతికిలబడి కదల్లేదు.

"ఇదెండిపోతే నీకీ ఊళ్ళో కూలి పుట్టదు" అన్నాడు నాయుడు.

"అలాగే బావూ."

నాలుగు రోజులకి ఆకుల మీద బియ్యపుగింజంత పచ్చపురుగులు పాకాయి. ఆకులు తినేస్తాయనుకుంది నూకాలు. ఈగలు పెట్టిన గుడ్లలోంచి వచ్చినవే! నలిపేద్దామని చెయ్యెత్తింది. అంతలో ఓ పురుగు పేనుని పట్టి పీల్చేసి తొక్క పారేసింది. ఇంకోదాన్ని పట్టింది. మూడోదాన్నీ పట్టింది. నూకాలు పకపకా నవ్వింది. "ఓలమ్మో, సుట్టాలే వొచ్చారు!"

పొగ పెట్టిన పందిళ్ళు పేను పీల్చి మాడిపోయాయి. నూకాలు పందిరి గుత్తులు గుత్తులుగా కాసింది. ఆమె ఇంటింటికీ ఒడినిండా కాయలు పంచింది. నాయుడు తలపాగా తీసి ఆ పందిరి కిందే కూచున్నాడు.

"ఏదే, ఆ రెక్కలు నాకూ సూపించు."

నూకాలు పండుముసలిదై, నవ్వుతూనే పోయింది. ఇప్పటికీ అక్కడ పందిట్లో చారల ఈగ వాలితే పెద్దవాళ్ళు పిల్లల్ని పిలిచి రెక్కలెన్నో చూడమంటారు. "రెండే!" అని పిల్లలు అరిచారా, పొగకుండ బయటికి పోతుంది. ఇంటావిడ చెంబు తెచ్చి, "నూకాలమ్మ సుట్టాలొచ్చారు, కాళ్ళకి నీళ్ళు" అంటూ పాదు మొదట్లో పోస్తుంది.