అరికాలి చుక్క

అనగనగా, నల్లరేగడి చేల నడుమ ఒక ఊళ్ళో, నాంచారి అని ఒక పిల్ల ఉండేది. నీ అంతే ఉంటుంది. నల్లగా, నిగనిగలాడుతూ, పండిన నేరేడుపండులా ఉండేది. వాళ్ళమ్మ మంగతాయి పత్తి చేలకు కూలికి పోయేది. తెల్లవారకముందే లేచి, అన్నం వండి మూతపెట్టి, పిల్ల లేచేలోపే వెళ్ళిపోయేది.

రోజూ ఆ వేళకు నాంచారికి నిద్రలో అరికాల్లో చక్కిలిగిలి పెట్టినట్టయ్యేది. ఇంట్లో తిరిగే పిల్లిపిల్ల తోక తగిలిందనుకుని, కాలు దుప్పట్లోకి లాక్కుని మళ్ళీ పడుకునేది. ఆ పిల్లి సంగతి గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తుంది.

ఆ ఊరి ఆడపిల్లలకు ఒక ఆట ఉండేది. పొద్దువాలే వేళకు అందరూ వరాలు అనే పిల్ల వాళ్ళ వాకిట్లో చేరి, గుండ్రంగా నిలబడి, చప్పట్లు కొడుతూ పాడేవాళ్ళు. పాటలో ఎవరి పేరు వస్తే వాళ్ళు మధ్యలోకి వెళ్ళి గిర్రున తిరగాలి. పాట కట్టేది వరాలు. ఆ పిల్లకు నోరెక్కువ. పాటలు మాత్రం చక్కగా కట్టేది, ఉన్నమాట ఒప్పుకోవాలి కదా.

“వెన్నముద్ద మా వరాలు, నవ్విందంటే ముత్యాలు” అని తన పాట తనే ముందు పాడించుకునేది. ఆ తర్వాత శేషు మల్లెమొగ్గ అయ్యేది. ఆ తర్వాత చిట్టి పాలమీగడ అయ్యేది. నాంచారి వంతు వచ్చేసరికి మాత్రం రోజూ చీకటి పడిపోయేది. అందరి పాటలకూ చప్పట్లు కొట్టీ కొట్టీ, మండే అరచేతులతో ఇంటికి వచ్చేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. “వరాలూ, నా పాట ఎప్పుడే?”

“నీకెట్టా కట్టాలే? వెన్న కుదరదు, మల్లెపువ్వు కుదరదు, వెన్నెల అసలే కుదరదు” అంది వరాలు. అంతటితో ఊరుకుందా? “చూడు, మా అందరికీ బుగ్గన దిష్టిచుక్క ఉంది. నీకు మీ అమ్మ కూడా పెట్టలా. నీకేం దిష్టి తగులుద్దని పెడుద్దిలే!” అనేసింది.

నాంచారి చుట్టూ చూసింది. నిజమే. ఆ ఊరి అమ్మలకు దిష్టంటే మహా భయం. చుక్క పెట్టకుండా పిల్లను గడప దాటనివ్వరు. ప్రతి బుగ్గ మీదా కాటుక చుక్క ఉంది. నాంచారి తన బుగ్గ తడుముకుంది. పాట లేకపోతే పోనీ అనుకోవచ్చు. అమ్మకు కూడా నేను ముద్దురానా? ఆ మాట మాత్రం పాపం ఆ పిల్లకు అన్నం మెతుకు దిగనివ్వలేదు.

అమ్మను అడుగుదామనుకుంది. అడిగితే అవునంటుందేమోనని భయమేసింది. అప్పుడు, తనే పెట్టుకుంటే పోలా అనుకుంది.

మర్నాడు కాటుక బరిణె తీసి బుగ్గన చుక్క పెట్టుకుంది. అద్దంలో చూస్తే ఏదీ? కనపడలేదు. ఇంకొంచెం పెట్టింది. ఇంకొంచెం పూసింది. అలా వాకిట్లోకి వెళ్తే, “పొయ్యిలో తల పెట్టావా ఏందే?” అని నవ్వారు.

ఆ తర్వాతి రోజు బియ్యప్పిండి తడిపి తెల్లచుక్క పెట్టుకుంది. ఇది బాగానే కనపడింది. ఎవరికి? వరాలు వాళ్ళ లేగదూడకి. అది గంతులేసుకుంటూ వచ్చి, బుగ్గంతా నాకేసి పోయింది. నవ్వకు, ఆ పిల్ల ఎంత ఏడ్చిందో!

మూడోరోజు నాంచారికి ఓపిక పోయింది. ఏదైతే అదయిందని, చెప్పులు కూడా వేసుకోకుండా అమ్మ దగ్గరికి చేలోకి పరుగెత్తింది. గట్టు దిగుతుంటే కాల్లో తుమ్మముల్లు దిగింది. “అమ్మా!” అని అక్కడే కూలబడింది.

మంగతాయి పత్తి మూట వదిలేసి పరుగున వచ్చింది. పిల్ల కాలు ఒళ్ళో పెట్టుకుని, కొంగుతో దుమ్ము తుడిచి, గాజులకు తగిలించుకున్న పిన్నీసుతో ముల్లు తీసింది. అప్పుడు నాంచారి తన అరికాలు చూసుకుంది. పాదం వంపులో నల్లగా, గుండ్రంగా ఏదో ఉంది.

“ఇదేందమ్మా, మసా?”

“మసేందే? దిష్టిచుక్క. నువ్వు పుట్టిన కాణ్ణుంచీ పెడతానే ఉన్నా.”

“మరి బుగ్గన ఎందుకు పెట్టలా?”

“పెట్టానే తల్లీ. నీ బుగ్గన కాటుక కంటికి ఆనలా. నా గుండె ఆగినంత పనయింది. ఇంత అందాల పిల్లని చుక్క లేకుండా నలుగుర్లోకి ఎట్టా పంపేది? అప్పుడు మీ అమ్మమ్మ నీ కాలు తిప్పి తెల్లటి అరికాలు చూపించింది. దిష్టి పైనుంచి కిందిదాకా చూసినా, చివరికి ఇక్కడికొచ్చి ఆగాల్సిందేనంది. నువ్వేమో రోజంతా తిరిగి చెరిపేసుకొస్తావు. అందుకే తెల్లారగట్ల, నువ్వు లేవకముందే మళ్ళీ పెట్టి వస్తన్నా.”

“అయితే అది పిల్లి కాదా?”

“ఏ పిల్లే?”

నాంచారి అమ్మ మెడ పట్టుకుని ముందు ఏడ్చింది, ఆ తర్వాత నవ్వింది, ఆ తర్వాత రెండూ కలిపి చేసింది. హమ్మయ్య అనుకుంది. అమ్మకు తను ముద్దే. భయపడేంత ముద్దు.

ఆ సాయంత్రం కుంటుకుంటూ వరాలు వాళ్ళ వాకిట్లోకి వెళ్ళింది. ఎవరూ పిలవకుండానే మధ్యలో నిలబడి, శేషు భుజం పట్టుకుని, కాలెత్తి చుక్క చూపించింది. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో చెప్పింది. పిల్లలంతా నోళ్ళు తెరిచారు. అప్పుడు నాంచారి, చేలోంచి వస్తూ దారిలో కట్టుకున్న పాట తనే అందుకుంది.

నల్లని పిల్లా నాంచారి,
నేరేడు పండూ సింగారి!
మబ్బూ నలుపే, మన్నూ నలుపే,
అమ్మా పెట్టే కాటుక నలుపే!
అరికాల్లోనా చుక్కుంది,
అడుగేస్తే అది నవ్వుతుంది!

వరాలు కాసేపు మూతి ముడుచుకుంది. పాట బాగుంటే ఎంతసేపని చేతులు కట్టుకుని నిలబడుతుంది? తనే ముందు చప్పట్లు మొదలుపెట్టింది. నాంచారి కుంటికాలితోనే గిర్రున తిరిగింది. మర్నాడు వరాలు, వాళ్ళమ్మ ముందు కాలు చాపి కూర్చుని, “నాక్కూడా ఇక్కడే పెట్టు” అని ఒకటే పేచీ.

కథేమో కంచికి నడిచిపోయింది, మనమేమో మన మంచం మీదే ఉన్నాం. ఏదీ, ఆ కాలు ఇలా నా ఒళ్ళో పెట్టు. కదలకు మరి. చక్కిలిగిలి పుడితే పిల్లి అనుకో, నాన్నా.