రాజ్యం అడుగు కొలిచిన మాచన

అనగా అనగా, కొలతంటే కొలతే గానీ సుమారు కాదని జనం ఎరిగిన రోజుల్లో, పైడివీడు అనే రాజ్యం ఒకటుండేది. దానికి సూరభూపతి రాజు. ఆ రాజు కొలువులో భూమి కొలిచేవాడు మాచన.

మాచన దగ్గర ఎనిమిది మూరల టేకు గడ ఉండేది. ఏడు తరాలుగా ఆ ఇంటి పెద్దకొడుకు చేతికి వస్తున్న గడ అది. చేలూ దారులూ ఊళ్ళ పొలిమేరలూ అన్నీ దానితోనే కొలిచేవారు. మాచనకు అక్షరాలు నాలుగో ఐదో వచ్చు. కొలత మాత్రం నూలుపోగు వాసి తప్పేది కాదు.

అరవై ఏళ్ళు వచ్చినా ఆయన ఎవరినీ ఏదీ అడిగి ఎరగడు. ఎవరినీ దేనికీ క్షమించీ ఎరగడు. కొలువు పండితుడు శంఖశాస్త్రి పన్నెండేళ్ళ కిందట నిండు సభలో, "మాచన గడ రెండు వేళ్ళు పొట్టి" అన్నాడు. ఆనాటి నుంచి ఆ శాస్త్రి వీధిలో ఎదురైతే మాచన గోడను చూస్తూ నడిచేవాడు.

కార్తీకం మొదట్లో ఒకనాడు ఒక కొంగ ఎగిరివచ్చి సభ మధ్య ఒంటికాలి మీద నిలబడింది. అది కొండల మీది గట్టుసీమ రాణి పంపిన దూత. పైడివీడులో పొయ్యిలు వెలిగేది గట్టుసీమ అడవి కట్టెతోనే. ఆ కట్టె కనుమ దారిలో బళ్ళ మీద దిగివచ్చేది.

"రాజా, మా రాణి మాట ఇది" అంది కొంగ. "మీ రాజ్యం అడుగు పెద్దదైంది. మా నేల మీద పడుతోంది. ఈ నెలలోగా దాన్ని కొలుచుకుని, తగ్గించుకునే దారి చూడండి. లేకపోతే మార్గశిర పాడ్యమి నాడు కనుమ మూసేస్తాం."

సభలోవాళ్ళు ఒకరి కాళ్ళు ఒకరు చూసుకున్నారు.

"రాజ్యానికి అడుగేమిటి?" అన్నాడు రాజు.

"నేను దూతను. మాట మోయడానికి ఒప్పుకున్నాను. అర్థం కూడా మోయాలంటే చేపలు వేరే ఇవ్వాలి" అంది కొంగ.

రాజు మాచన వంక తిరిగాడు. "కొలవడం నీ పని. నీకు మూడు మాట్లు అవకాశం ఇస్తున్నాను. మూడోదీ తప్పితే నీ గడను పొయ్యిలో పెట్టిస్తాను. కొలవడం రానివాడికి గడ దేనికి?"

మాచన తల వంచి ఒప్పుకున్నాడు గానీ, లోపల అంతా గజిబిజిగా ఉంది. అడుగంటే అడుగే. దాన్ని కొలిచేదేముంది? మూరను మూరెడని కొలిచినట్టుంటుంది. పోనీ ఎవరినైనా అడుగుదామా అంటే, అడిగితే తనకు తెలియదని తెలిసిపోతుంది.

ఆలోచించి ఆలోచించి, రాజ్యమంటే రాజు, కాబట్టి రాజ్యం అడుగంటే రాజు అడుగు అనుకున్నాడు. తడిమట్టి తెప్పించాడు. రాజుచేత కుడికాలు మోపించాడు. వంగి, కళ్ళు చికిలించి కొలిచి, "జానెడు మీద మూడు వేళ్ళు" అని చెప్పాడు. రాజు తన పాదం చూసుకుని ముచ్చటపడ్డాడు.

కొంగ మాత్రం ముక్కుతో రెక్క గోక్కుంది. "అది చెప్పులు కుట్టేవాడికి చెప్పవలసిన కొలత, మాచనా."

ఒకటి పోయింది.

అప్పుడు శంఖశాస్త్రి, ఎవరూ అడగకుండానే, "రాజ్యమంటే రాజు కాదు, జనం" అన్నాడు. ఆ నోటి మాట తీసుకోవడం మాచనకు చేదుమందు. కానీ తన దగ్గర ఇంకో మాట లేదు. మర్నాడు పొద్దున్నే అదే మాట తన మాటగా చెప్పి, జనాన్నంతా గుర్రాల మైదానంలో నిలబెట్టించాడు.

ఆ రోజు గోల అంతా ఇంతా కాదు. చంకబిడ్డల కాళ్ళు లెక్కకు వస్తాయా రావా అని ఒక తగవు. చెప్పులతోనా, చెప్పులు లేకుండానా అని ఇంకొకటి. "నా మడమలు పగిలి ఉన్నాయి బాబూ, పగుళ్ళు కూడా కొలుస్తావా?" అంది ఒక ముసలమ్మ. ఆఖరికి తేలిందేమిటంటే, పైడివీడు జనమంతా దగ్గర దగ్గరగా నిలబడితే మూడు చేలంత చోటు చాలు.

"ఇంతేనా?" అన్నాడు రాజు. "మూడు చేల కోసమా ఆ రాణి ఇంత రభస చేస్తోంది?"

కొంగ కాలు మార్చుకుంది. "అది నిలబడే కొలత. బతికే కొలత కాదు" అని ఎగిరిపోయింది.

రెండూ పోయాయి.

మాచన ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. నిలబడే కొలతేమిటి, బతికే కొలతేమిటి? ముద్ద కలుపుతాడు, వదిలేస్తాడు. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

ఆయన భార్య తిరపమ్మ ఎదురుగా కూర్చుని చూసింది. "ఏమయ్యో, వారం నుంచి అడుగు అడుగని ఒకటే కలవరింత. నీకు కావలసిన అడుగు కుండలో ఉంది, మాడింది. గీకి పెట్టనా?"

"వేళాకోళం కాదు. గడ పోతుంది."

"తెలియకపోతే అడుగు."

"అదే కదా. ఏ అడుగు?"

"నోటితో అడిగే అడుగు. అరవై ఏళ్ళలో ఒక్క మనిషిని ఒక్క మాట అడిగావా? నలభై ఏళ్ళుగా వండి పెడుతున్నాను. ఈ ముద్ద ఎక్కడిదని నన్నయినా అడిగావా?"

మాచనకు పొలమారింది. నీళ్ళు తాగాడు. పన్ను పీకించుకునేవాడిలా మొహం పెట్టి, చివరికి అడిగాడు. "ఈ ముద్ద ఎక్కడిది?"

"బియ్యం కాలవ కింద మన మడిది. పప్పు మెట్టచేనుది. నూనె పడమటి నువ్వుచేనుది. మజ్జిగ మన గేదెది, అది మేసేది ఊరి బీడు. నేను కట్టిన కోక పత్తిచేనుది. ఇదంతా ఉడికించిన కట్టె గట్టుసీమది. పైగా నీకు పూటకో కాగు వేణ్ణీళ్ళు. మన వంటకయ్యే కట్టె కంటే నీ స్నానానికయ్యేదే ఎక్కువ."

మాచన చేయి కడుక్కుని గడ తీశాడు.

ఏడాది పొడుగునా తమ ఇల్లు తినే బియ్యానికి ఎంత మడి కావాలో కొలిచాడు. పప్పుకెంత, నూనెకెంత, కోకకెంత అని కొలిచాడు. గేదె మేసే బీడు కొలిచాడు. ఏడాదిలో కాల్చిన కట్టె మళ్ళీ పెరగాలంటే ఎంత అడవి ఉండాలో కనుమ ఎక్కి, కట్టెలు కొట్టేవాళ్ళను అడిగి కొలిచాడు. ఇల్లు నిలిచింది రెండు గడల చోటులో. ఆ ఇంటి అడుగు మాత్రం అక్కడ లేదు. దాని వేళ్ళు మడిలో ఒకటి, మెట్టలో ఒకటి, బీడులో ఒకటి. మడమ పోయి పోయి గట్టుసీమ అడవిలో దిగబడి ఉంది. తప్పు కొలిచానేమోనని మళ్ళీ మొదటి నుంచి కొలిచాడు. అంతే వచ్చింది.

ఇక ఊరూరా, ఇంటింటా అడగడం మొదలుపెట్టాడు. ఏం తింటారు, ఏం కడతారు, ఎంత కాలుస్తారు? కొందరు నవ్వారు, కొందరు కుక్కను వదిలారు. చివరికి శంఖశాస్త్రి ఇల్లు వచ్చింది. మాచన గడపకు ఇవతలే చాలాసేపు నిలబడ్డాడు.

శాస్త్రి బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "ఏదో పని మీద వచ్చినట్టున్నావు. అడుగు, మాచనా."

పన్నెండేళ్ళ కోపాన్ని గుటక వేసి, మాచన అడిగాడు. శాస్త్రి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ ఇంట్లో ఒంటిపూట వంట, చన్నీళ్ళ స్నానం, అతుకుల పంచె. శాస్త్రి ఇంటి అడుగు మాచన ఇంటి అడుగులో సగమే తేలింది. ఆ సంగతి మాచనకు ఎన్నటికీ మింగుడు పడలేదు. అయినా లెక్కలో ఉన్నదే వేసుకున్నాడు.

ఈ తిరుగుడులో గడువు దాటిపోయింది. పాడ్యమి నాడు, అన్న మాట ప్రకారం, రాణి కట్టెల బళ్ళకు కనుమ మూసేసింది. మాచన సభకు వచ్చిన నాటికి కోటలో కూడా పొయ్యి వెలిగి రెండు రోజులు. రాజు అటుకులూ అరటిపళ్ళూ తిని కూర్చున్నాడు. అటువంటి మనిషితో మాట్లాడడం కష్టం.

"చెప్పు. రాజ్యం అడుగు ఎంత?"

"ఒకటీ ముప్పాతిక, ప్రభూ."

"ఒకటీ ముప్పాతిక ఏమిటి?"

"రాజ్యాలు. మనం బతుకుతున్నట్టు బతకడానికి ఒకటీ ముప్పాతిక పైడివీడులు కావాలి."

రాజు అయోమయంగా చూశాడు. "ఉన్నది ఒక్కటే కదా. మిగతా ముప్పాతిక మీద ఎలా నడుస్తున్నాం?"

"అర రాజ్యం పక్కవాళ్ళ నేల మీద. పాతిక, ఇంకా పుట్టని మన పిల్లల నేల మీద."

"వాడి గడ పొట్టిది. శాస్త్రీ, నువ్వే అన్నావు కదా, చెప్పు."

శంఖశాస్త్రి లేచాడు. "పొట్టిదే, ప్రభూ. రెండు వేళ్ళు. కానీ రాజ్యాన్ని కొలిచిందీ ఆ గడే, అడుగును కొలిచిందీ ఆ గడే. పొట్టిదైనా పొడుగుదైనా ఒకటీ ముప్పాతిక ఒకటీ ముప్పాతికే."

మాచన బిత్తరపోయాడు. ఇది సాయమా, మళ్ళీ అవమానమా? తేల్చుకోలేక, రెండింటికీ కోపం ఉంచుకున్నాడు.

రాజు గొంతు తగ్గించి మంచిగా అన్నాడు. "చూడు మాచనా. ఒకటి అని చెప్పు. ఒక్క మాట. రాణికి అదే రాయించి పంపుదాం. నీ గడ నీకుంటుంది, నీ మనవళ్ళకూ ఉంటుంది."

మాచన గడను రెండు చేతులా పట్టుకున్నాడు. ఏడు తరాల చేతులు రాసి రాసి నున్నబడిన కొయ్య. ఒక్క మాటే కదా అనిపించింది. అది నోట్లోకి రాలేదు.

"కొలత తగ్గించను, ప్రభూ. అడుగు తగ్గించండి."

"అయితే దాన్ని పొయ్యిలో పెట్టండి" అన్నాడు రాజు.

వంటశాల పెద్ద గవరమ్మను పిలిచారు. ఆవిడ వచ్చి, గడను అటూ ఇటూ తిప్పి, గోరుతో గీరి చూసింది. "మంచి చేవ. దీంతో అరకుండ అన్నం ఉడుకుతుంది బాబూ."

"మిగతా అరకుండకు?"

"ద్వారబంధాలున్నాయి కదండీ."

"అవయ్యాక?"

గవరమ్మ చుట్టూ చూసింది. చూసి చూసి, రాజు కూర్చున్న సింహాసనం దగ్గర ఆగింది. "అది కూడా కొయ్యదే కదండీ" అంది మెల్లగా.

రాజు సింహాసనం చేతులు తడిమి చూసుకున్నాడు. అవతల రాజ్యమంతా ఆకలితో ఉంది. ఇవతల ఉన్న కట్టె అరకుండకు సరిపోతుంది. ఆయన మాచన వంక తిరిగాడు.

"మాచనా, అడుగుతున్నాను, చెప్పు. ముందు ఎవరి అడుగు తగ్గాలి?"

"కోటదే, ప్రభూ. దీని అడుగు ముప్పై ఊళ్ళంత."

గవరమ్మ గడను తెచ్చి మాచన చేతిలో పెట్టింది.

ఉన్న కొలతే రాణికి రాయించి పంపారు. కోటలో మూడు కాగులు ఒకటయ్యాయి. పట్టపగలు వెలిగే దివిటీలు ఆరిపోయాయి. రాజుగారి పూలతోటకు మళ్ళించిన కాలవ తిరిగి మళ్ళకు పారింది. ఏ ఇల్లు ఎంత కట్టె కాలిస్తే, అంతకు సరిపడా మొక్కలు ఆ ఇంటివాళ్ళు వెళ్ళి గట్టుసీమ వాలులో నాటి వచ్చారు. మాచన చన్నీళ్ళకు అలవాటు పడ్డాడు. అలవాటైందని మాత్రం తిరపమ్మ దగ్గర ఒప్పుకోలేదు.

నాటిన మొదటి మొక్కలు చూసి రాణి కనుమను సగం తెరిచింది. ఏడాదికి రాజ్యం అడుగు ఒకటిన్నరకు దిగింది. రెండో ఏడు ఒకటీ పాతిక. మూడో ఏడు మాచన కొలిచి, నమ్మక, మళ్ళీ కొలిచి, "ఒకటికి వీసం తక్కువ" అన్నాడు. ఆ వారమే కనుమ పూర్తిగా తెరుచుకుంది. అప్పటి నుంచి పైడివీడులో ఏటా కొలత జరిగేది, ముందు కోటను కొలిచేవారు.

కొలత చేదుగా ఉందని కొలబద్దను కాల్చేవాడికి కూడు ఉడకదు. తన అడుగు తాను తగ్గించుకున్నవాడికే కాలు మోపడానికి నేల మిగులుతుంది.