ఉడత కుట్టిన దొప్ప

ఆ ఎండాకాలం కొండవాగు ఎండి ఎండి, నీళ్లు ఒక్క రాతిగుంట అడుగునే మిగిలాయి. పెద్దవాళ్లు ఎలాగో దిగి తాగొస్తున్నారు సరే, పసివాళ్ల మాటేమిటి? నోట పట్టుకొస్తే దారిలోనే అయిపోతాయి కదా!

అప్పుడు మన ఉడత చారలమ్మ, కోతి కోసిచ్చిన మోదుగాకులు పేర్చి, ముళ్లపంది ఇచ్చిన ముల్లుతో నార గుచ్చి, ఇంత పెద్ద దొప్ప కుట్టింది. నీళ్లు పోస్తే చుక్క కారితే ఒట్టు!

వాసన తగిలినట్టు నక్క జిత్తయ్య వచ్చేశాడు.

"చెల్లెమ్మా, నీ చేతికి దండం పెట్టాలి. ఈ కుట్టు నా ఒక్కడికే చెప్పు. ఏడాదంతా నీకు వేరుశనక్కాయలు నా పూచీ."

"మరి కుందేలు వదిన అడిగితే?"

"నా గుమ్మానికి రమ్మను. ఊరికే ఇస్తే లోకువైపోతావమ్మా!"

అబద్ధమెందుకు, చారలమ్మకి నోరూరింది. ఇంతలో కుందేలు చెవులమ్మ పరుగున వచ్చింది.

"చారలమ్మా, పిల్లల నాలుకలు పిడచకట్టుకుపోతున్నాయే!"

ఆ మాటతో ఆశ కాస్తా ఎగిరిపోయింది. ఆకు ఒకరిది, ముల్లు ఒకరిది, ఇందులో తన సొంతం ఎంతని? బండెక్కి అందరినీ పిలిచింది.

"ఎవరైనా కుట్టుకోండి, మార్చుకోండి, పంచుకోండి. కానీ మూడు మాటలు. ఎవరి దగ్గర నేర్చారో పేరు చెప్పాలి. అడిగినవాళ్లకి చూపించాలి. మెరుగు చేస్తే అదీ దాచకూడదు."

"అంతేగా!" అని అందరికంటే ముందు తలూపింది జిత్తయ్యే. ముందు నేర్చుకుందీ ఆయనే. ఆ సాయంత్రమే కొండ అవతలికి చెక్కేసి, దొప్పకి తీగతో కాడ కట్టాడు.

"ఇది నా సొంత తెలివి. ఎలా కుట్టానని అడగొద్దు" అని అక్కడి జింకలతో చెప్పి, రాత్రిళ్లు ఎవరి కంటా పడకుండా గుంటలోంచి తెచ్చిన దొప్పెడు నీళ్లకి ఓ పూట చాకిరీ చేయించుకున్నాడు.

మూడో రోజుకి పచ్చాకు వాడి, కుట్లు పిగిలాయి. ఇవతలా అదే తంటా. కానీ ముళ్లపంది తాత "ఆకుని పూటసేపు ఎండబెట్టి, తడి చిలకరించి కుట్టండర్రా" అని కనిపెట్టాడు. పొద్దుగూకేలోపే అది అందరి చెవినా పడింది. అవతలున్న జిత్తయ్యకి చెప్పేదెవరు? తెచ్చిన నీళ్లు తెచ్చినట్టే నేలపాలు. దప్పికతో జింకలు కొమ్ములు దించి వెంటపడ్డాయి.

జిత్తయ్య రొప్పుతూ చారలమ్మ దగ్గరికి వచ్చాడు. "చెల్లెమ్మా, దీన్ని బాగుచెయ్యి!"

"దానికేం అన్నా, బండమీద పెట్టు, అందరం చూస్తాం."

"పక్కకి రా, నీ ఒక్కదానికే చూపిస్తా."

"ఒప్పుకున్న మాట ఏమైంది? జింకలు వస్తున్నాయి, నీ ఇష్టం మరి."

గత్యంతరం లేక పెట్టాడు. చూసిన చెవులమ్మ ఎగిరి గంతేసింది. "అమ్మో, కాడ! మెడకి తగిలించుకుంటే చుక్క తొణకదే!"

ఆకు ఎలా ఎండబెట్టాలో చారలమ్మ జిత్తయ్యకి చూపింది, జింకలకీ నేర్పింది. "ఈ కాడ మాత్రం జిత్తయ్యన్న ఆలోచన" అని పేరు చెప్పి మరీ నేర్పింది. "పసివాళ్ల గొంతు తడిపావు, చల్లగా ఉండన్నా" అంది మనసారా.

నాలుగు తిట్టినా బాగుండేదనుకుంటూ జిత్తయ్య తల దించుకున్నాడు.

నీతి: నలుగురికీ నేర్పిన పనిని నలుగురూ బాగుచేస్తారు, దాచుకున్న పని చెడితే దాచినవాడే దిక్కు.