నోరు తెరిచిన బొమ్మ

అనగా అనగా, కాలవగట్టున ఒక అద్దకాల ఊరు. ఇంటికో బాన, బానకో పొయ్యి, పొయ్యి ముందు ఒక ముసలమ్మ. నాలాంటిదే, కాకపోతే మోకాళ్ళ నొప్పులు లేనిది. ఊ కొట్టండి మరి! చిన్నాడు కొట్టాడు. హైమా, నువ్వూ కొట్టవే. కాలేజీలో చేరినవాళ్ళు ఊ కొట్టకూడదా? ఆ ఫోను దిండు కింద పెట్టు. మీ హాస్టలు పిల్ల క్లాసులో నిద్రపోతున్న ఫోటో తీసి గ్రూపులో పెట్టానని ఇందాకే చూపించావుగా, చాలు.

ఆ ఊళ్ళో నాంచారి అని ఒక పిల్ల. కొయ్య అచ్చులు చెక్కడంలో ఆ పిల్ల చెయ్యే చెయ్యి. నెమలి చెక్కితే పురి విప్పుతుందేమో అనిపించేది. ఆ ఊరి పని ఎలాగంటే, అచ్చును పటికనీళ్ళలో ముంచి గుడ్డ మీద అద్దుతారు. తడి ఉన్నంతసేపే బొమ్మ కనపడుతుంది. ఆరిందా, ఉత్త తెల్లగుడ్డ. దాన్ని ఎర్రవేరు వేసిన బానలో ఉడికిస్తే అప్పుడు లేచొస్తుంది బొమ్మ, ఎర్రగా. ఇక పోదు.

నాంచారికి ప్రాణస్నేహితురాలు తిరపతమ్మ. ఒక పెళ్ళిలో తిరపతమ్మ విస్తరి ముందే నిద్రపోయింది. నోరు తెరుచుకుని, మూతి చుట్టూ ఈగ తిరుగుతుంటే. పాపం, రోగంతో ఉన్న తల్లి పక్కన రాత్రంతా కూర్చుని వచ్చిందది. ఆ సంగతి నాంచారికి తెలుసు. అదీ నా బాధ, తెలుసు! అయినా చెయ్యి ఊరుకోలేదు. ఆ నోరు, ఆ ఈగ, అచ్చం దిగేలా చెక్కింది. చెక్కి, ఎప్పట్లాగే మూలన తన గుర్తు, మామిడిపిందె, పెట్టింది.

తెల్లగుడ్డ మీద తడితడిగా అద్ది చూపిస్తే ఆడపిల్లలంతా పడీపడీ నవ్వారు. నా గుడ్డ మీద ఒకటి వెయ్యవే, నా గుడ్డ మీద ఒకటి. ఒక గుడ్డల తాను తర్వాత ఇంకో తాను. సాయంత్రానికి అన్నీ ఆరిపోయాయి. బొమ్మ లేదు, ఏమీ లేదు. పోయిందిలే అనుకుంది నాంచారి. అద్దకాల ఇంట పుట్టి కూడా పోయిందనుకుంది, చూశారా!

మర్నాడు మిగతా సరుకుతోపాటు ఆ తాన్లన్నీ బానలో పడ్డాయి. బానలోంచి ఎర్రగా లేచింది తిరపతమ్మ నోరు. తాను బండెక్కింది, బండి రేవుకెళ్ళింది, రేవులో పడవెక్కింది, పడవ సంతకెళ్ళింది, సంత ఊరూరికీ పాకింది. నెమళ్ళు అమ్ముడుపోలేదు గానీ ఈగ అమ్ముడుపోయింది. తిరపతమ్మ వీధిలోకొస్తే పిల్లలు నోళ్ళు తెరిచేవాళ్ళు. చూడవచ్చిన పెళ్ళివారు, ఈ పిల్లేనా అని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నవ్వి లేచిపోయారు. ఆ పిల్ల తల్లిని తీసుకుని ఏటి అవతలకి వెళ్ళిపోయింది. 

నాంచారి అచ్చు పొయ్యిలో పెట్టింది. దొరికిన గుడ్డ ఉతికింది. ఉతికేకొద్దీ ఎరుపు తేరింది. పెళ్ళిచీరల పని అడగబోతే, మామిడిపిందె చూసి, ఆ నోటిబొమ్మ పిల్లవి నువ్వేనా, మా శుభకార్యానికి వద్దమ్మా అన్నారు. ఊ కొడుతున్నారా? ఇప్పుడు ఉద్యోగాలిచ్చేవాళ్ళూ అలాగే వెనకటివన్నీ తీసి చూస్తారటగా, మీ మామయ్య చెప్పాడు.

ఇక కొత్తగుడ్డలు మూటకట్టుకుని బయల్దేరింది. పాతది ఇవ్వండి, కొత్తది తీసుకోండి. ఆ బొమ్మగుడ్డ ఒకచోట తలగుడ్డ, ఒకచోట ఉయ్యాల, ఒకచోట చింతపండు పిసికే గుడ్డ. ఒకావిడైతే, మా మనవడు ఈ బొమ్మ చూస్తేగాని అన్నం తినడు, పోవమ్మా అంది.

అలా అలా ఏరు దాటి తిరపతమ్మ గుమ్మం ముందు మూట దించింది. తిరపతమ్మ మంచినీళ్ళిచ్చి, అన్నీ తెచ్చావుటే అని అడిగింది.

"దొరికినన్ని తెచ్చానే."

"దొరకనివి?"

నాంచారి మూట ముడి మళ్ళీ బిగించింది.  పొద్దున్నించి కోతకి వెళ్ళొచ్చిన ఒళ్ళేమో, తిరపతమ్మ గోడకి చేరగిలబడి అలాగే నిద్రపోయింది. నోరు తెరుచుకుంది. ఈగ వచ్చింది. నాంచారి పక్కన కూర్చుని, పొద్దు వాలేదాకా పమిటకొంగుతో ఈగని తోలుతూనే ఉంది.

తిరపతమ్మ ఉలిక్కిపడి లేచి, ముందు మూతి తుడుచుకుని, ఎవరైనా చూశారా అంది.

"నేనొక్కదాన్నే."

 తిరపతమ్మ దాని చేతిలోని కొంగు చూసి, పద, చల్దన్నం ఉంది, ఇద్దరికీ సరిపోతుంది అంది. ఇద్దరూ ఒక్క కంచంలో తిన్నారు. దొరకని గుడ్డలు మాత్రం ఇప్పటికీ ఏ ఊళ్ళోనో దండేల మీద ఆరుతూనే ఉన్నాయట.

ఏంటే హైమా? నీ ఫోన్లోంచి తీసేశావా? మంచిపని. గ్రూపులో వాళ్ళ ఫోన్లలోంచి? ఊ. ఏడవకు. వేలు నొక్కేముందు నిద్రపోతున్న పిల్ల మొహం ఒక్కసారి చూడాల్సింది, ఇకమీద చూడు. పొద్దున్నే బస్సెక్కి నువ్వే ఆ పిల్ల దగ్గరికెళ్ళు. ఫోన్లో కాదు, మనిషివి వెళ్ళు.

చిన్నాడు చూడు, అప్పుడే నోరు తెరిచాడు. దుప్పటి కప్పు. కథ కంచి బండెక్కింది, మనం కళ్ళు మూసుకుందాం.