ఇందుమతి పచ్చ పూస

రండి పిల్లలూ, దగ్గరికి జరగండి. వెనక నిలబడ్డవాళ్లు కూడా వచ్చి కూర్చోండి, నా గొంతు అంత దూరం రాదు. చక్రీ, ఆ సంచి కింద పెట్టు, ఎవరూ ఎత్తుకుపోరులే. ఆఁ, ఇక వినండి.

మూసీ ఒడ్డున రాఘవపేట అనే నేత ఊళ్లో ఇందుమతి అనే అమ్మాయి ఉండేది. చేతిలో ఎంత పనితనం ఉన్నా, తప్పు జరిగినప్పుడు ‘నాదే’ అనడానికి మాత్రం ఆమెకు నోరు వచ్చేది కాదు.

వాళ్లింట్లో చిటికి పని చేసేవారు. అదేమిటో చెబుతాను. బట్ట నేశాక బొమ్మ వేయరు. నేయకముందే నూలు కట్టల మీద బొమ్మ గీస్తారు. తెల్లగా ఉండాల్సిన చోటల్లా పాత సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కడతారు. తర్వాత రంగులో ముంచుతారు. కట్టిన చోటికి రంగు పోదు. కట్లు విప్పి మగ్గం మీద నేస్తుంటే బొమ్మ తనంతట తానే లేచి వస్తుంది. కట్టు వదులైందో, రంగు లోపలికి పాకి బొమ్మ పాడవుతుంది.

ఇందుమతి నాయనమ్మ నర్సవ్వ ఆ ఇంట్లో ఒక పద్ధతి పెట్టింది. నూలు కట్టను ఎవరు కడితే వాళ్లు దాని కొసకి తమ రంగు గాజుపూస ఒకటి గుచ్చాలి. ఇందుమతిది పచ్చ పూస.

“చేసిన చెయ్యి ఎవరిదో తెల్వాలె బిడ్డా. మెప్పొస్తే అది నీదే. తప్పొస్తే అదీ నీదే,” అనేది నర్సవ్వ.

ఇందుమతి పెద్దదై యూనివర్సిటీలో టెక్స్‌టైల్ డిజైన్ చదవడానికి వెళ్లింది. ఆ ఊరినుంచి ఆ చదువుకు వెళ్లిన మొదటి పిల్ల ఆమే. నర్సవ్వకు కాలు నేల మీద నిలవలేదు. “నా మనుమరాలి కట్టుకు వంక పెట్టే మొనగాడు ఇంకా పుట్టలే,” అని కిరాణా కొట్టు దగ్గర, పాల కేంద్రం దగ్గర, ఎక్కడ నలుగురు కనిపిస్తే అక్కడ చెప్పుకునేది.

యూనివర్సిటీలోనూ అంతే. గీతల కాగితం మీద బొమ్మ వేయడం, కంప్యూటర్లో రంగులు మార్చి చూడటం, ఏ దేశంలో ఏ బట్ట ఎలా పుట్టిందో తెలుసుకోవడం, అన్నీ ఆమె ఇష్టంగా నేర్చుకుంది. ఇక కట్టడానికి కూర్చుంటే క్లాసంతా చుట్టూ మూగేది. కోడి గింజలు ఏరినట్టు ఆమె వేళ్లు టకటకా ఆడేవి.

రెండో ఏడాది వసుంధర మేడం క్లాసులోకి నవ్వుతూ వచ్చింది.

“ఈసారి స్నాతకోత్సవంలో వేదిక వెనక వేలాడే తెర మన క్లాసే నేస్తోంది. ఊళ్లనుంచి మీ అమ్మానాన్నలు వస్తారు. మీ పని చూస్తారు. జాగ్రత్త మరి!”

అందరూ కూర్చుని ఎర్రటి నేల మీద తెల్ల కొంగల బొమ్మ ఎంచుకున్నారు. మగ్గం లింగస్వామిది. కట్టే పని ఇందుమతిది, ఇంకొందరిది. అందరి కట్లూ పట్టి చూసే బాధ్యత కూడా మేడం ఇందుమతికే ఇచ్చింది. రంగు పని నస్రీన్‌ది.

నస్రీన్ నాన్నను ‘అబ్బా’ అని పిలిచేది. ఆయన టైలరు. ఆ ఇంట్లో బట్ట కుట్టడమే గాని నేయడం, అద్దడం ఎవరూ ఎరగరు. రంగులంటే ప్రాణం కాబట్టి ఇంట్లోవాళ్లను బతిమాలుకుని ఈ చదువుకు వచ్చింది. రంగు తొట్టి దగ్గర కూర్చుంటే కూరలో ఉప్పు చూసినట్టు మాటిమాటికీ తొంగి చూసేది.

ఇందుమతి తన ఇంటి పూసల పద్ధతి క్లాసులో చెప్పింది. “చేసిన చెయ్యి ఎవరిదో తెలియాలని మా నాయనమ్మ అంటుంది. మెప్పొస్తే అది మనదే!” అంది. నర్సవ్వ మాటలో రెండో సగం చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు. అందరికీ నచ్చింది. కట్టేవాళ్లు తలా ఒక రంగు పూస పంచుకున్నారు.

కట్టే రోజు వచ్చింది. లింగస్వామి ఊరుకోలేదు.

“నూలు చూస్తూ ఎవరైనా కడతరు. మా మొహాలు చూస్తూ కట్టు, చూద్దాం!”

“అదెంత పని?” అంది ఇందుమతి.

వాళ్లతో మాట్లాడుతూ, నవ్వుతూ, నూలు వైపు కన్నెత్తకుండా ఆ పూటంతా కట్టింది. చప్పట్లే చప్పట్లు.

మర్నాడు ఉదయం కట్టలన్నీ బుట్టలో పెట్టుకుని రంగు గదికి బయలుదేరింది. దారిలో ఒక కట్ట మీద బొటనవేలు ఆనింది. ట్యూబు ముక్క జారింది. పక్కది నొక్కింది. అదీ జారింది. అది కొంగ మెడ వచ్చే కట్ట. కొసన పచ్చ పూస మెరుస్తోంది.

కూర్చుని మళ్లీ బిగిస్తే ఒక పూట పని. కానీ ఎందుకు ఆలస్యమంటే ఏం చెప్పాలి?

“తేవే ఇందూ, నీళ్లు కాగినయ్!” అని నస్రీన్ లోపలినుంచి పిలిచింది.

ఇందుమతి అటూ ఇటూ చూసింది. పచ్చ పూస పుటుక్కున తెంపి గుప్పిట్లో దాచుకుంది. ఆ కట్టను మిగతావాటి మధ్యలోకి తోసేసి బుట్ట అందించింది.

కట్లు విప్పారు. నూలు ఆరింది. లింగస్వామి మగ్గం ఎక్కాడు. ముందు కొంగ కాళ్లు వచ్చాయి, తెల్లగా, సన్నగా. తర్వాత ఒళ్లు వచ్చింది. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. మెడ దగ్గరికి రాగానే లింగస్వామి చెయ్యి ఆగిపోయింది. తెలుపు ఉండాల్సిన చోట ఎర్రగా అలుముకుపోయింది.

“ఏందిది, కొంగ మెడ కోసినట్టుంది!” అన్నాడు.

మేడం ఆ కట్ట అందుకుని కొస చూసింది. పూస లేదు.

“కట్టయినా వదులై ఉండాలి, రంగైనా ఎక్కువ మరిగి ఉండాలి. ఇందుమతీ, కట్లన్నీ నువ్వే కదా పట్టి చూశావు? గట్టిగానే ఉన్నాయా?”

ఇందుమతి పూస ముడి వేసుకున్న చున్నీ చెంగును గుప్పిట్లో పట్టుకుంది. “ఉన్నాయి మేడం,” అంది.

“ఇందు చూసిన కట్టు జారదు మేడం. నేతింటి పిల్ల!” అన్నాడు లింగస్వామి. అందరూ తలూపారు. ఆ మెచ్చుకోలుతోనే నేరం పోయి నస్రీన్ నెత్తిన పడింది, పిల్లలూ.

“నీళ్లు ఎక్కువ మరగనిచ్చానేమో మేడం,” అంది నస్రీన్ తల వంచుకుని.

మేడం చేతిలోని కట్టను మగ్గం మీద పెట్టింది. “తప్పు రంగుదే అయితే మిగతా నూలునూ నమ్మలేం. మొదటినుంచి చేసే వ్యవధి లేదు. రేపొకసారి చూసి, తెర ఆపేద్దాం,” అంది.

మర్నాడు ఉదయం ఇందుమతి వెళ్లేసరికి నస్రీన్ కుళాయి దగ్గర చేతులు తోముకుంటోంది. ఎర్ర మరకలు పోవడం లేదు. కళ్లు కూడా అలాగే ఎర్రగా ఉన్నాయి.

“వేరే బ్రాంచికి మారిపోతానే. మేడంను అడగడానికే వచ్చాను. మన ఇళ్లలో లేని పని నీకెందుకని మా అబ్బా ముందే అన్నాడు. నీకున్న చెయ్యి నాకుంటే ఎంత బాగుండేది ఇందూ!”

ఆ మాట ఇందుమతికి చెంపదెబ్బలా తగిలింది. తిట్టి ఉంటే ఓర్చుకునేదేమో! నస్రీన్ మెచ్చుకుంటోంది. చున్నీ చెంగున ముడి వేసిన పూస బండరాయంత బరువనిపించింది. నాయనమ్మ మాటలో తను మింగేసిన సగం గొంతులో అడ్డం పడింది.

నస్రీన్ తడి చెయ్యి పట్టుకుని గబగబా మగ్గాల గదికి లాక్కెళ్లింది. మేడం ఉంది. క్లాసంతా ఉంది. ఇందుమతి ముడి విప్పి, పాడైన నూలు కట్ట తీసుకుని, దాని కొసకి పచ్చ పూస గుచ్చింది.

“ఇది నా కట్టు మేడం. నూలు చూడకుండా కట్టాను. వదులైందని రంగులో వేయకముందే తెలుసు. పూస తెంపి దాచాను. నిన్న మీకు అబద్ధం చెప్పాను. నస్రీన్ తప్పేమీ లేదు.” ఒక్క క్షణం ఆగింది. “మా నాయనమ్మ మాట మీకు సగమే చెప్పాను. తప్పొస్తే అదీ మనదే అంటుంది.”

లింగస్వామి తల దించుకున్నాడు. చూడకుండా కట్టమని ఎగదోసింది తనే మరి.

నస్రీన్ చెయ్యి విడిపించుకుంది. “నిన్నటినుంచి నేను ముద్ద ముట్టలేదు, తెలుసా నీకు?” అంది.

“తెలుసు. అందుకు ఏ మాట అన్నా పడతాను.”

మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. “నువ్వు చేసింది చిన్న తప్పు కాదు ఇందుమతీ. తెర సంగతి అటుంచు, ఒక పిల్ల చదువే ఆగిపోయేది. ఇకనుంచి కట్లు పట్టి చూసే పని నీది కాదు, నస్రీన్‌ది.” ఆ మాట అని మిగతా కట్టలు వెలుగులోకి తెచ్చి ఒక్కొక్కటే విప్పి చూసింది. ఆమె మొహం విప్పారింది. “రంగు తప్పలేదు! చూడండి, తెలుపు ఎక్కడా చెదరలేదు. ఈ ఒక్క కట్ట మళ్లీ కట్టి, అద్ది, నేస్తే చాలు. స్వామీ, మెడ దగ్గర నేసిన పోగులు తీసెయ్. తెర ఆగదు!”

ఇందుమతి కింద కూర్చుని కొత్త నూలు కట్టింది. ఈసారి కళ్లు నూలు మీదే. నస్రీన్ పక్కనే కూర్చుని ఒక్కో కట్టూ లాగి చూసింది.

“ఇది వదులు,” అంది ఒకచోట.

నేతింటి పిల్ల నోరెత్తకుండా ఆ కట్టు విప్పి మళ్లీ కట్టింది. “ఇప్పుడో?” అని అడిగింది.

“ఇప్పుడు జారమన్నా జారదు,” అని నస్రీన్ నవ్వేసింది.

స్నాతకోత్సవం నాడు ఆ తెర వేదిక వెనక వేలాడింది. ఎర్రటి నేల మీద తెల్ల కొంగలు బారులు తీరి, మెడలు సాచి నిలబడ్డాయి. చూసినవాళ్లు మళ్లీ చూశారు. “ఈ ఎరుపు అద్దింది ఎవరమ్మా?” అని పెద్దలు అడుగుతుంటే నస్రీన్ నాన్న జనంలోంచి లేచి, “మా అమ్మాయే సార్!” అన్నాడు.

నర్సవ్వ కూడా వచ్చింది. తెర కింది అంచు పట్టుకుని చూస్తే వేలాడే పోగుల చివర పూసలు కనిపించాయి. పచ్చ పూస పక్కన ఒక పసుపు పూస.

“ఈ పసుపుది ఎవరిదే?”

“నస్రీన్‌ది నాయనమ్మా. మనం కట్టినవాళ్లకే పూస ఇస్తాం. రంగు అద్దిన చేతికీ ఒకటి ఉండాలనిపించింది.” తర్వాత జరిగిందంతా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు.

నర్సవ్వ మనవరాలి చెవి పట్టి గట్టిగానే మెలిపెట్టింది. ఆ వెంటనే ఆ తలే గుండెకు హత్తుకుంది.

“నా మనుమరాలు తప్పు చెయ్యదని ఇన్నేండ్లు ఊరంతా చెప్పుకున్న. ఇగ మార్చి చెప్పుకుంట. చేసిన తప్పును నలుగురిల నిలబడి నాదే అన్నదని చెప్పుకుంట. అట్లాంటి బిడ్డ ఎందరికుంటది?”

అన్నట్టే ఊరికి వెళ్లి కిరాణా కొట్టు దగ్గర, పాల కేంద్రం దగ్గర మునుపటికన్నా గట్టిగా చెప్పుకుంది.

సరే, చీకటి పడుతోంది, ఇళ్లల్లో మీకోసం చూస్తుంటారు. లేవండి, చేతులు కడుక్కుని వేడివేడిగా అన్నాలు తినండి. తింటూ ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి: దాచిన తప్పు పక్కవాళ్ల మీద పడుతుంది, ఒప్పుకున్న తప్పుకు దిద్దుకునే దారి దొరుకుతుంది, మెప్పును నాది అనేవాళ్లు తప్పునూ నాదే అనాలి.