క్లచ్ పట్టని కెజియా

ఆ రోజు కెజియా కాలు ఒకచోట నిలవడం లేదు. సాయంత్రం గుంటూరు బయట మట్టి మైదానంలో బైకు రేసు. పైగా క్లచ్ పట్టకుండా గేర్లు మార్చడం కొత్తగా పట్టుబడింది. పట్టుబడిందని ఆమె అనుకుంటోంది.

"చూడండి ఉస్తాద్!" అంటూ మస్తాన్ ఉస్తాద్ ముందునుంచి దూసుకెళ్లింది. గేరు గేరుకీ టక్కు టక్కుమని చప్పుడు.

బెంగ ఒక్కటే. బండి ఆమెది కాదు, అన్న ప్రకాశానిది. తెల్లారితే అతను దాని మీదే ఇంటింటికీ పార్సిళ్లు చేరవేయాలి. గేర్‌బాక్సు పోతే అతని పనీ పోతుంది. అక్కడ చేరినవాళ్లలో కొందరు లోపల గేర్ల పళ్లు అరిగిపోతాయన్నారు, కొందరు ఏమీ కాదన్నారు. సలహాలిచ్చేవాళ్లదేం పోయింది, బండి వాళ్లది కాదుగా!

"ఉస్తాద్, క్లచ్ పట్టకపోతే గేర్‌బాక్సు పాడవుద్దా, అవదా? ఒక్క మాట చెప్పండి."

ఉస్తాద్ ఒకప్పుడు రేసుల్లో పేరు మోసినవాడు. మాట అడిగితే పని చెప్పడం ఆయన అలవాటు. మైదానం పక్కన లారీలోంచి పుచ్చకాయలు దించుతున్నారు. అటు చూపించాడు.

"పోయి కాయలు పట్టమ్మా."

"రేసు పెట్టుకుని కాయలేంటి ఉస్తాద్!" అంటూనే వెళ్లింది. చేతులు బిగించి నిలబడింది. పైనుంచి వచ్చిన మొదటి కాయ అరచేతులకి తగిలి ఫట్టున పగిలింది. మొహమంతా ఎర్రటి రసం. లారీ మీదవాడు పగలబడి నవ్వాడు.

కెజియాకి ఉక్రోషం వచ్చింది. పక్కన కాయలు పట్టేవాణ్ణి కన్నార్పకుండా చూసింది. కాయ తాకేలోపే అతని చేతులు దానితోపాటు కిందికి దిగుతున్నాయి. చప్పుడే లేదు. ఒక కాయ వంకరగా వచ్చింది. దానికి చేతులు పెట్టకుండా, నడుముకి కట్టుకున్న గోనెపట్టా చాచి పట్టాడు.

కెజియా మళ్లీ నిలబడింది. ఈసారి కాయ చేతుల్లోకి మెత్తగా దిగింది. ఇంకోటీ దిగింది.

"ఉస్తాద్!" అని కేకేసి, చేతులైనా కడుక్కోకుండా బండి దగ్గరికి పరిగెత్తింది.

రేసు మొదలైంది. గేరు మార్చాల్సిన చోట యాక్సిలరేటర్ పట్టు రవ్వంత వదిలి, కాలితో గేరు లేపింది. గేరు చప్పుడు లేకుండా కూర్చుంది. ఆమెకి హెల్మెట్ లోపలే నవ్వొచ్చింది. బండ్లు ఒక్కొక్కటే వెనకబడుతున్నాయి. ఆఖరి మలుపులో దుమ్ము లేచింది, ముందు బండి అడ్డం తిరిగింది, గేరు దించాలి. ఇంజను వేగానికీ చక్రం వేగానికీ పొత్తు కుదరలేదు. ఎడమ చెయ్యి దానంతటదే క్లచ్ మీదికి వెళ్లింది.

అయినా గీత దాటేసరికి అరచక్రం ముందు కెజియాయే! జనం ఈలలు వేశారు.

ప్రకాశం పరిగెత్తుకొచ్చాడు. చెల్లెల్ని చూడకుండానే బండి పక్కన కూలబడి, దాన్ని ముందుకీ వెనక్కీ కదుపుతూ గేర్లన్నీ చేత్తో వేసి చూశాడు. అన్నీ పడ్డాయి. అప్పుడు లేచి, "గెలిచావే!" అని అరిచాడు.

ఉస్తాద్ నెమ్మదిగా వచ్చాడు.

"ఆఖరి మలుపులో క్లచ్ పట్టావేం?"

"అక్కడ గోనెపట్టా కావాల్సొచ్చింది ఉస్తాద్."

ఇందాక పగిలిన కాయలోంచి పెద్ద ముక్క తీసి, ఆయన ఆమె చేతిలో పెట్టాడు.