మేకతోలు మీద అహింస

అలలు పెద్దవైన రోజున సముద్రపు నురుగు వచ్చి కోటగుమ్మం కడిగిపోయే ఒకానొక రాజ్యంలో, అరిభీకర భూపతి అనే రాజు ఉండేవాడు. శత్రువులను వణికించేవాడని ఆ పేరుకి అర్థం. అయితే ఆ పేరు విన్న శత్రువు ఇంతవరకు ఎవరూ లేరు. ఆయన్ని చూసి నిజంగా వణికినవి వంటశాలలోని మూకుళ్ళు మాత్రమే.

ఒక పండగనాడు ఆ రాజు కౌజుపిట్టల వేపుడూ, పొట్టేలు మాంసమూ, పెరుగులో నానిన గారెలూ ఒకదాని మీద ఒకటి లాగించాడు. తెల్లారేసరికి పొట్ట నగారాలా బిగుసుకుంది. వైద్యుడు వాముకషాయం పట్టుకొస్తుంటే రాజగురువు పెద్దిభట్టు అడ్డం పడ్డాడు.

"ఇది అజీర్తి కాదు మహారాజా. తమ కడుపులో ఆ పొట్టేలి ఆత్మ తిరుగుతోంది."

"మరి పిట్టలవి?"

"అవి ఎగురుతున్నాయి. అందుకే త్రేన్పులు."

రాజు హడలిపోయాడు. ఆ తర్వాత తాగిన కషాయంతో కడుపు తేలికపడింది, పేరు మాత్రం గురువుగారికి వచ్చింది. రాజు మాంసం మానేశాడు. అంతవరకు ఎవరికీ నష్టం లేదు. కానీ ఆనపకాయ కూర ముందు పెట్టుకుని కూర్చున్న రాజుకి, సాయంత్రపు గాలితో పాటు పేటలోంచి చేపల పులుసు వాసన మేడ మీదికి వచ్చేది. తాను తినలేనిది తన ప్రజలు తింటున్నారన్న ఆలోచన, పొట్టేలి ఆత్మ కన్నా ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు కొలువులో రాజు ఆజ్ఞ ఇచ్చాడు. "ప్రాణం తీసి తెచ్చిన వస్తువేదీ మా రాజ్యంలో ఎవరూ వండరాదు, తినరాదు."

"తాకరాదు అని కూడా చేర్చండి ప్రభూ," అన్నాడు పెద్దిభట్టు. "రెండు మాటల ఆజ్ఞ కుంటుతుంది. మూడోది ఉంటే గంభీరంగా నడుస్తుంది."

"తాకరాదు," అన్నాడు రాజు గంభీరంగా. "కూర్మన్నా, చాటింపు వెయ్యి."

కూర్మన్న ఆ కొలువులో విదూషకుడు. గొంతు పెద్దది కావటంతో చాటింపు పని కూడా ఆయన నెత్తినే పడింది. ఆ రాజ్యంలో ఒక కట్టడి ఉండేది. కోట ముందు చప్పుడు చేసి నలుగురినీ పోగుచేసి చాటితేనే అది ఆజ్ఞ. చాటనంతవరకు అది రాజుగారు అనుకున్న మాట మాత్రమే. ఇప్పటి రాజు తాతగారికి కల్లు తాగి ఆజ్ఞలిచ్చే అలవాటు ఉండేదట. మత్తు దిగాక మనసు మార్చుకునే వీలు కోసం ఆయనే పెట్టుకున్న కట్టడి అది.

కూర్మన్న కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి చేరాడు. కొలువులో ఎంత నవ్వించినా ఇంట్లో ఆయనంత భయస్థుడు లేడు. పిల్లలు తుమ్మితే మిరియాలు నూరే రకం. ఇప్పుడు కూతురు పైడమ్మ తొలికాన్పుకి వచ్చి ఉంది. పుట్టిన దగ్గర్నుంచి పసిగుడ్డు ఆకలికి ఏడుస్తూనే ఉంది. తల్లికి పాలు పడలేదు.

పాలసొర పెట్టమని మంత్రసాని గురువులమ్మ చెప్పింది. ఆ తీరంలో బాలింతలకి తరతరాలుగా పెట్టేది ఆ చేపే. ఉడికించి, ముల్లు తీసి, వెల్లుల్లి దట్టించి పొడిపొడిగా పిట్టులా వేయించాలి. నిన్ననే మొదలుపెట్టారు. ఈ ఉదయమే మొదటిసారి, బిడ్డ గుక్క మింగిన చప్పుడు గది బయట నిలబడ్డ కూర్మన్నకి వినిపించింది. ఆ చప్పుడు మళ్ళీ వినిపిస్తుందేమోనని ఆయన కొలువుకి ఆలస్యంగా వెళ్ళాడు.

అలాగని కూర్మన్న చేప తినడు. చిన్నప్పుడు ముద్దుగా పెంచుకున్న పుంజుని చుట్టాలొచ్చారని వండిపెట్టారు. ఆ నాటి నుంచి ఆయన నీచు ముట్టలేదు. భార్య అచ్చియ్యమ్మకి మాత్రం ముల్లు లేని ముద్ద దిగదు. అందుకని ఆ ఇంట్లో రెండు పొయ్యిలు, నడుమ ఒక ఇటుక. పెళ్ళయిన నాటి నుంచి ఆ ఇటుక దాటి ఏ గొడవా రాలేదు.

సంగతంతా విని అచ్చియ్యమ్మ మూతి తిప్పింది. "తలుపేసుకుని వండుకుంటాం. మీ రాజుగారొచ్చి మూత తీసి చూస్తాడేంటి?"

"వద్దని ఊరంతటికీ చెప్పేది నా గొంతే. ఆ గొంతు ఉన్న ఇంట్లోనే దొంగతనంగా వండితే, పిల్ల ముద్ద ముద్దకీ గుమ్మం వంక చూస్తుంది. అలా బెదురుతూ తిన్న కూడు పాలవుతుందా?"

"అయితే చాటకు."

"తల పోతుంది."

"మరేం చేస్తావయ్యా?"

"ఆజ్ఞని తు.చ. తప్పకుండా పాటిస్తాను. ఈ రాజ్యంలో ఆ పని ఇంతవరకు ఎవరూ చేసినట్టు లేదు."

పొద్దున్నే రాజు మేడ మీద కూర్చుని చాటింపు కోసం చెవి ఒగ్గాడు. ఎంతకీ చప్పుడు లేదు. కిందికి దిగి చూస్తే డప్పు ఒకచోట, కూర్మన్న దానికి ఆమడ దూరంలో చేతులు కట్టుకుని మరోచోట కనిపించారు.

"ఏమిటా నిలబడటం?"

"డప్పు అక్కడుంది ప్రభూ, నేనిక్కడున్నాను. మా ఇద్దరి నడుమ తమ ఆజ్ఞ ఉంది. అది మేకతోలు. ప్రాణం తీసి తెచ్చింది. తాకరాదన్నారు."

"ఆజ్ఞ చాటడానికేగా, తాకు."

"తాకుతాను. కానీ చచ్చిన మేక వీపు మీద బాదుతూ, మేకని చంపకండని ఊరికి చెప్పాలి. ఊరి సంగతి అటుంచండి, ఆ మేక ఏమనుకుంటుంది?"

పెద్దిభట్టు గొంతు సవరించుకున్నాడు. "తనంత తాను చచ్చిన మేక తోలుకి దోషం లేదు."

"మంచిమాట గురువుగారూ. వాకబు చేశాను. ఈ రాజ్యంలో తనంత తాను చచ్చేదాకా ఏ మేకనీ ఎవరూ ఆగనివ్వలేదట. వెలమపేటలో ఒక ముసలి మేక ఉంది, ఇవాళో రేపో అంటున్నారు. సెలవిస్తే దాని పక్కనే కూర్చుని కనిపెడతాను. అన్నట్టు, తోలు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను, తమరు కూర్చుని సలహా చెప్పే ఆసనం ఏ చెట్టు బెరడు?"

అది జింకతోలని అందరికీ తెలుసు. ఆ రోజు కొలువు ముగిసేదాకా గురువుగారు నిలబడే ఉన్నారు.

రాజు విసుక్కున్నాడు. "డప్పు వద్దు. కంచుపళ్ళెం మోగించి చాటు."

అంతలో పొద్దెక్కింది. ఆ పూటకి పాలసొర ధర్మంగానే పొయ్యెక్కింది.

ఆ ఊళ్ళో కోట ముందు కంచుపళ్ళెం మోగిందంటే సంతర్పణ అని అర్థం. కూర్మన్న మోగించాడో లేదో, పేటలు పేటలుగా జనం విస్తళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చి బారులు తీరి కూర్చున్నారు.

"వినండహో," అన్నాడు కూర్మన్న.

"వింటాం గానీ ముందు ఉప్పు వడ్డించు," అన్నాడు ముందు వరసలో ఒకడు.

కూర్చున్న జనాన్ని ఆకలితో లేపితే రాజుకి పరువు తక్కువ. వంటశాలలోని ఆనపకాయలన్నీ తరిగి పెట్టారు. తిన్నవాళ్ళు "కూరలో నాలుగు ఎండురొయ్యలు పడుంటే రాజుగారి పేరు చెప్పుకుని తినేవాళ్ళం" అని దీవించి, ఏ చాటింపూ వినకుండానే వెళ్ళిపోయారు.

మరుసటి ఉదయానికి రాజు కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఈసారి ఉపాయం పెద్దిభట్టు చెప్పాడు. "శంఖం ఊదించండి."

"అందులోని పురుగు ఇష్టపడి ఇల్లు ఖాళీ చేసి ఇచ్చిందంటారా?" అన్నాడు కూర్మన్న.

"శంఖం పవిత్రం. నోరు మూసుకుని ఊదు."

"రెండూ ఒకేసారి కుదరవు గురువుగారూ. ఊదటమే చేస్తాను."

కోటగుమ్మంలో నిలబడి కూర్మన్న గుండెనిండా ఊపిరి పీల్చి శంఖం ఊదాడు. ఆ తీరంలో వీధిలో శంఖం వినిపించిందంటే వెనకాల పాడె వస్తోందని లెక్క. పైగా రాజుగారి కడుపు బాగాలేదని ఊరంతా ఎరుగును. ఇక ఎవరూ ఎవరినీ అడగలేదు. అంగళ్ళు మూతపడ్డాయి. పెద్దలు తలపాగాలు తీసి చేత పట్టుకుని వచ్చారు. పేటలోని ముసలి నూకాలమ్మ కోటగడప మీద చతికిలబడి రాగం అందుకుంది.

"నాయనా భూపతీ, ఎంత తిన్నావు నాయనా. పొట్టేలినంతా ఒక్కడివే తిన్నావు, ఎముకలైనా మాకు మిగల్చకపోతివి నాయనా. దర్జాగా తిని పోయేవాడివి, చివరికి ఆనపకాయ పెట్టి చంపారు నాయనా నిన్ను."

మేడ మీద కూర్చున్న రాజు తన శోకాలు తానే విన్నాడు. మెట్లు దిగి వచ్చేసరికి మొహం కందగడ్డలా ఉంది. కూర్మన్నని స్తంభం చాటుకి లాగాడు.

"నీ ఎత్తు నాకు తెలిసింది. చేపల పులుసు మీద ఆశతో మమ్మల్ని బతికుండగానే పాడె ఎక్కించావు. నీ నాలుక కోయిస్తాను."

కూర్మన్న ఈసారి నవ్వించే మాట వెతుక్కోలేదు.

"ఈ నాలుక చేప రుచి ఎరగదు ప్రభూ. పెంచిన పుంజుని వండిన నాటి నుంచి నేను నీచు ముట్టలేదు, కావాలంటే ఊరిని అడగండి. నా కూతురు బాలింత. పాలు పడక పసిగుడ్డు ఏడుస్తుంటే పాలసొర పెట్టమన్నారు. పెట్టాక బిడ్డ గుక్క మింగింది. ఆ చప్పుడు ఆగిపోతుందన్న భయంతోనే ఇదంతా చేశాను. తమరు మానేశారు, మంచిదే. నేనూ మానేశాను. కానీ నా మొక్కు నా పొయ్యి మీద ఉంటుంది, నా ఆడదాని పొయ్యి మీద కాదు. మా ఇంట్లో రెండు పొయ్యిల నడుమ ఒక్క ఇటుక సరిపోయింది. దానికి డప్పూ శంఖమూ ఎందుకు ప్రభూ?"

బయట నూకాలమ్మ రాగం అందుకోబోయి, స్తంభం పక్కనుంచి తొంగిచూస్తున్న రాజు పొట్టని గుర్తుపట్టి ఆగింది. కళ్ళు తుడుచుకుంది.

"లేచావా నాయనా? ఆకలేసి లేచి ఉంటావు. పొట్టేలు వండించనా?"

రాజు పెదవి బిగపట్టాడు. మీసం అదిరింది. పొట్ట కదిలింది. ఆ తర్వాత ఆపుకోలేక గోడకి చేయి ఆనించి, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వాడు. చచ్చిపోయినవాడు అంతలా నవ్వటం చూసి జనమూ నవ్వారు. నవ్వాలో వద్దో తేల్చుకోలేక గురువుగారు మాత్రం ఇంకా నిలబడే ఉన్నారు.

"చాటింపు లేదు పొండి," అన్నాడు రాజు. "అది మేమనుకున్న మాట మాత్రమే. ఎవరి పొయ్యి వాళ్ళ ఇష్టం. పెద్దిభట్టు గారూ, ఇక కూర్చోండి. ఆ తోలు మీద కాదు, చాప మీద."

రాజు కూర్మన్న మనవరాలికి టేకు ఉయ్యాల, గురువులమ్మకి పట్టుచీర ఇప్పించాడు. పట్టు ఎలా వస్తుందో కూర్మన్నకి తెలుసు. ఆ రోజుకి ఊరుకున్నాడు.

జనమంతా వెళ్ళాక రాజు అటూ ఇటూ చూసి, కూర్మన్న చెవి దగ్గరికి వంగాడు. "ఆ పాలసొర పిట్టు వెల్లుల్లి వేసి చేస్తారట కదా. ఆనపకాయ తిని తిని నోరు చచ్చిపోయింది. మాకూ ఒక ఆకులో కాస్త..."

"తప్పకుండా పంపిస్తాను ప్రభూ," అన్నాడు కూర్మన్న వినయంగా. "కాకపోతే అది పాలు పడటానికి పెట్టేది. రేపు కొలువులో తమరికి పాలు పడితే, చాటింపు వేయాల్సింది మళ్ళీ నేనే."